కడిగిన డబ్బా

సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, చెత్త ఏరే షెడ్డులో మొదటి బండి ఇంకా దింపకముందే, మేస్త్రి పాలగది తాళంచెవిని కొత్తమ్మాయి చేతిలో పెట్టాడు.

అప్పటికి ఆడవాళ్ళు బెల్టుకు రెండు వైపులా నిలబడి గ్లౌజులు తొడుక్కుంటున్నారు. డబ్బాలక్క ఎడమచేతి గ్లౌజు తొడుక్కుంది. కుడిచేతి గ్లౌజు చేతిలోనే ఉండిపోయింది. తాళంచెవికి దారం కట్టి ఉంది. కొత్తమ్మాయి ఆ దారాన్ని మెడలో వేసుకుని తాళంచెవిని కోటు లోపలికి జారవిడిచింది.

"రోజుకు రెండుసార్లు. సారికి అరగంట," అన్నాడు మేస్త్రి, అందరికీ వినపడేలా. "హెడ్డాఫీసు రూలు. పాలిచ్చే తల్లి ఎవరున్నా సరే. మన షెడ్డులో ఇప్పటికి ఈ ఒక్క అమ్మాయే."

అది మొన్నటిదాకా గోనెసంచుల గది. శనివారం సంచులు బయటికి లాగి సున్నం వేశారు. ఒక కుర్చీ వేశారు, చేతులు కడుక్కునేందుకు తొట్టి బిగించారు, కిటికీకి తెర కట్టారు. తలుపు మీద కాగితం అంటించారు. పాలిచ్చే తల్లులకు మాత్రమే.

డబ్బాలక్క అన్న పేరు ఆమెకు ఇక్కడే వచ్చింది. బెల్టు మీదికి వచ్చిన సంచిని విప్పి అక్కడే పోస్తే కాగితం ఒకరు తీస్తారు, సీసాలు ఒకరు, ప్లాస్టిక్ ఒకరు. డబ్బా కనిపిస్తే అది ఆమెది. మూత ఊడదీసి ఒక తొట్టిలో వేస్తుంది. అంచున మిగిలిన రేకు పొర చింపి ఇంకో తొట్టిలో వేస్తుంది. డబ్బాను నేల మీద పడేసి మడమతో ఒక్క తొక్కు తొక్కి బుట్టలోకి విసురుతుంది. పాలపొడి డబ్బా అయితే లోపల చెంచా ఉంటుంది. ఆ చెంచాను ఎవరూ కొనరు, అది పారేసే గుట్టలోకి. కొన్ని డబ్బాలు చూపుకి రేకే గాని నొక్కితే అట్ట. అట్టకు లోపల వెండి పొర, అడుగున రేకు. వాటినీ ఎవరూ కొనరు. ఏది రేకో ఏది అట్టో ఆమెకు చేతికి తగలగానే తెలుస్తుంది.

ఆమెకు బిడ్డ పుట్టి, ఆ బిడ్డ డబ్బాపాలకు వచ్చాక, తోటివాళ్ళు ఆ పేరుతో పిలవడం తగ్గించారు. మేస్త్రి తగ్గించలేదు.

టీ వేళకు ఆమె మేస్త్రి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మేస్త్రీ, మా పిల్లకి ఐదో నెల."

"తెలుసు."

"నాకు పాలు తగ్గిపోయాయి. సీసా పట్టే ముందు ప్రతిసారీ రొమ్ముకి పట్టమని ఆరోగ్యకేంద్రంలో నర్సమ్మ చెప్పింది. పట్టగా పట్టగా మళ్ళీ పడతాయట. ఇంట్లో ఉన్నంతసేపూ పడుతున్నా. పగలు కూడా పట్టాలంటోంది. మా అత్త పిల్లని తీసుకొస్తానంది. ఆ గదిలో కాసేపు..."

మేస్త్రి టీ ఊదుకున్నాడు. "నీ పిల్ల తాగేది డబ్బాపాలు కదమ్మా."

"అందుకే అడుగుతున్నా."

"తలుపు మీద ఏం రాసుంది? పాలిచ్చే తల్లులకు అని. నీకు పాలు పడ్డాక రా. నేను కాదంటే అప్పుడు అడుగు."

"గది లేకుండా పాలెట్లా పడతాయి?"

"అది నర్సమ్మనే అడగాలి మరి," అన్నాడు మేస్త్రి. పక్కనున్న డ్రైవరు నవ్వాడు. ఆమె గ్లాసు కడిగి బోర్లించి బెల్టు దగ్గరికి వచ్చేసింది.

పదిన్నరకు కొత్తమ్మాయి తల్లి బిడ్డను ఎత్తుకుని గేటు దగ్గర కనిపించింది. కొత్తమ్మాయి గ్లౌజులు తీసి బెల్టు అంచున పెట్టి వెళ్ళింది. తలుపు మూసుకుంది. డబ్బాలక్క నిలబడే చోటు నుంచి ఆ తలుపు తిన్నగా కనిపిస్తుంది. చేతులు డబ్బాల మీద ఉన్నాయి, కళ్ళు తలుపు మీద ఉన్నాయి. కాసేపటికి మేస్త్రి వెళ్ళి ఆ తలుపు మీద వేలితో కొట్టాడు. ఏదో అన్నాడు. లోపలి నుంచి ఏదో బదులు వచ్చింది.

ఏం కావాలో కనుక్కుంటున్నాడు, అనుకుంది డబ్బాలక్క. తను బాలింతగా పనిలోకి వచ్చిన రోజుల్లో పాలు గడ్డకట్టి నొప్పి పుడితే మరుగుదొడ్డి తొట్టిలో పిండుకునేది. అప్పుడు కూడా ఈ మేస్త్రి తలుపు కొట్టాడు. లోపల ఎంతసేపమ్మా, అని.

కొత్తమ్మాయి బయటికి వచ్చింది. నీలం కోటు మీద ఎడమవైపు అరచేయంత తడి. దాన్ని మోచేత్తో కప్పుకుంటూ వచ్చి తన చోట నిలబడింది. ఆమెది కాగితాల పని.

"చూడక్కా, కోటంతా పాడైపోయింది," అంది డబ్బాలక్క తనవైపు చూడటం గమనించి. "ఎంత గుడ్డ పెట్టినా ఆగడం లేదు."

"ఉతికితే పోతుందిలే," అంది డబ్బాలక్క. ఒక డబ్బాను కింద పడేసి తొక్కింది. అది చదునయింది. మళ్ళీ తొక్కింది.

ఎదుటి వరసలో సీసాలు ఏరే పెద్దమ్మ ఇది చూసింది. షెడ్డులో అందరికంటే ముందు చేరింది ఆవిడే. "ఒసేయ్, కాస్త చూపు తిప్పుకో. నీ చూపుకే ఆ కోటు ఆరిపోయేలా ఉంది," అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కొత్తమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వు డబ్బాలక్కకు ఒంటికి కారం రాసినట్టయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళాక చేతులు మోచేతులదాకా రుద్ది కడుక్కుని బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. రొమ్ముకి పట్టింది. బిడ్డ లాగింది, ఆగింది, మళ్ళీ లాగింది. తల తిప్పి గదంతా చూసింది. సీసా కోసం. అత్త సీసాను వెనక దాచుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఇంకో గుక్క, నా తల్లీ," అంది అత్త మనవరాలితో. "మీ అమ్మ పాలకి మూతా అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు. లాగు."

బిడ్డ ఏడ్చింది. అత్త సీసా ఇచ్చేసింది. పొయ్యి మీద ఇంకో రెండు సీసాలు నీళ్ళల్లో మరుగుతున్నాయి. "ఈ సీసాలు ఉడకబెట్టడానికే గ్యాసంతా అయిపోతోంది. మన తిండికి మిగిలేలా లేదు," అంది అత్త, ఎవరినీ అనకుండా.

మంగళవారం మేస్త్రి బెల్టు ఆపించి ఒక కబురు చెప్పాడు. శుక్రవారం హెడ్డాఫీసు నుంచి మేడం వస్తోంది. ఆవిడ వచ్చినప్పుడల్లా పర్యావరణం గురించే మాట్లాడుతుంది గనక షెడ్డులో ఆవిడకు పర్యావరణం మేడం అని పేరు. ఈసారి తల్లిపాల మీద కార్యక్రమం. ఫొటోలు తీస్తారు.

"పాలపొడి డబ్బాలు వస్తే తొక్కకు," అన్నాడు డబ్బాలక్కతో. "కడిగి పక్కన పేర్చు. ఒక్క బిడ్డకు ఏడాదికి ఎంత చెత్త తయారవుతుందో గుట్టపోసి చూపిస్తారట. రెండోవైపు ఈ అమ్మాయి బిడ్డతో కూర్చుంటుంది. అటు ఏ చెత్తా ఉండదు. తేడా తెలియాలని."

"అటు పరుపు కూడా వేస్తారా?" అంది పెద్దమ్మ.

"నీకు ప్రతిదీ వేళాకోళమే."

"ఏ చెత్తా లేదంటే ఇక నాకు పని ఉండదు కదా, అక్కడ పడుకుందామని అడిగా."

డబ్బాలక్క ఆ రోజంతా డబ్బాలు కడిగింది. ఒకదాని మీద ఒకటి గోడవారగా పేర్చింది. ప్రతి డబ్బా మీదా ఒక బిడ్డ బొమ్మ ఉంది. పేర్చేటప్పుడు బొమ్మలు గోడవైపు తిప్పింది. మేస్త్రి చూసి ఇటు తిప్పమన్నాడు. తిప్పింది. పేరుస్తుండగా రెండుసార్లు గది తలుపు మూసుకుంది, రెండుసార్లు మేస్త్రి వెళ్ళి కొట్టాడు, రెండుసార్లు కొత్తమ్మాయి తడిసిన కోటుతో వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం కొత్తమ్మాయి వాళ్ళ వీధి బండి వచ్చింది.

సంచులు విప్పే పని వారానికొకరిది, ఆ వారం డబ్బాలక్కది. సంచిని చూస్తే ఇల్లు తెలుస్తుంది ఈ పనిలో ఉన్నవాళ్ళకి. చుట్టాలొచ్చిన ఇల్లు, జ్వరాలు పడ్డ ఇల్లు, అన్నీ తెలుస్తాయి. ఒక సంచి మూతిని నీలం పట్టీతో కట్టి ఉంది. కాగితాల కట్టలకి ఇక్కడి ప్రెస్సులో బిగించే పట్టీ అది. బజార్లో దొరకదు. ఆ వీధిలో ఈ షెడ్డులో పనిచేసే మనిషి ఒకతే.

సంచి లోపల కాగితాలు మడిచి ఉన్నాయి. పాలకవర్లు కత్తిరించి, కడిగి, ఆరబెట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నాయి. వాటి కింద ఒక డబ్బా. లేబుల్ లేదు. నీళ్ళలో నానబెట్టి తీసి, జిగురు కూడా గోకేసి ఉంది. లోపల మెరిసేలా తోమి ఉంది. అంచు చుట్టూ ఉండే రేకు పొరను బ్లేడుతో గుండ్రంగా కోసి తీసి ఉంది. మూత లేదు. డబ్బాలక్క సంచి అడుగు వెదికింది. మూత ప్లాస్టిక్ మూతల పొట్లంలో ఉంది. రేకు పొర రేకుల పొట్లంలో ఉంది. ఎవరూ కొనని చిన్న ప్లాస్టిక్ ముక్కలన్నీ కట్టిన ఇంకో పొట్లంలో చెంచా ఉంది.

తన ఇంట్లో ఉన్నదీ ఆ కొలత పాలపొడి డబ్బానే. ఆ అంచు, ఆ మూత, ఆ చెంచా.

ఎవరికీ తెలియకూడదని కొత్తమ్మాయి లేబుల్ తీసింది. కాని డబ్బాను ఏ మురిక్కాలవలోనో పారెయ్యలేక, చేతి అలవాటు కొద్దీ, మూత మూతల్లోనూ రేకు రేకుల్లోనూ వేసి పంపింది. ఊళ్ళో ఇంకెవరూ అలా చెయ్యరు. సంతకం పెట్టినట్టే ఉంది.

డబ్బాలక్క తల ఎత్తి చూసింది. కొత్తమ్మాయి బెల్టు చివర వంగి తడి కాగితాలు పక్కకు తోస్తోంది. బండి ఏ వీధిదో ఆమె చూసుకోలేదు.

డబ్బాలక్క డబ్బాను తొక్కలేదు. మూతను, చెంచాను అందులో వేసి, కొక్కేనికి తగిలించిన తన భోజనం సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నమంతా పని చురుగ్గా చేసింది. పెద్దమ్మ ఏదో జోకు వేస్తే అందరికంటే ముందు నవ్వింది.

ఆ సాయంత్రం భర్త డిపో నుంచి వచ్చేసరికి డబ్బా గూట్లో ఉంది. అతను బస్సులు కడుగుతాడు. వచ్చేసరికి వేళ్ళ కొసలు నాని తెల్లగా ఉంటాయి.

"ఇంట్లో ఉన్న డబ్బాలు చాలవా, అక్కణ్ణుంచి కూడా తెచ్చావు?"

"అది మనది కాదు. మహారాణిది." ఆమె జరిగింది చెప్పింది.

అతను డబ్బాను తిప్పి చూసి మళ్ళీ గూట్లో పెట్టాడు. "అయితే ఏంటి?"

"అయితే ఏంటా? పాలిచ్చే తల్లి అని మెడలో తాళంచెవి వేసుకుని తిరుగుతోంది. శుక్రవారం ఫొటో. ఆ గుట్ట పక్కన నిలబెట్టి నన్ను చూపిస్తారు, ఆమెను మాత్రం కుర్చీలో కూర్చోబెడతారు."

"చెబితే నీకేం వస్తుంది?"

"గది వస్తుంది. డబ్బా వాడే మనిషికి గది ఇచ్చినప్పుడు నాకెందుకు ఇవ్వరు?"

"ఆ మాట డబ్బా చూపించకుండా కూడా అడగొచ్చు."

"అడిగాను. అడిగితే ఏమన్నాడో నీకు తెలుసు."

"ఆమెనే అడిగి చూడు పోనీ."

"నేనా? ఆమెనా?"

బిడ్డకు సీసా పడుతున్న అత్త అంది: "అయితే శనివారం నుంచి పిల్లని తీసుకురమ్మంటావా, అమ్మాయ్?"

"తీసుకురా అత్తా. పదిన్నరకి."

గురువారం ఉదయం, బెల్టు మొదలవకముందు, కొత్తమ్మాయి తనే దగ్గరికి వచ్చింది. డబ్బాలక్క గోడవార గుట్టను సర్దుతోంది. కొత్తమ్మాయి రెండు డబ్బాలు తీసి అందించింది. ఇద్దరూ కాసేపు పేర్చారు.

"అక్కా, మేస్త్రిని నువ్వు గది అడిగావట. పెద్దమ్మ చెప్పింది."

"అడిగా."

"తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కదా. నీ పిల్లని తెప్పించుకో. నేను వెళ్ళినప్పుడే నువ్వూ రా. కుర్చీలో నువ్వు కూర్చో, నేను కింద కూర్చుంటా. మేస్త్రితో చెప్పక్కర్లేదు."

డబ్బాలక్క చేతిలో డబ్బా అలాగే ఉంది. కొక్కేనికి తగిలించిన సంచి రెండడుగుల దూరంలో ఉంది.

"నీ గది నీకు. దొంగతనంగా పాలిచ్చుకోవాల్సిన ఖర్మ నాకు లేదు."

"దొంగతనం ఏముందక్కా. అసలు ఆ అరగంట..." కొత్తమ్మాయి ఆగింది. మేస్త్రి ఇటే వస్తున్నాడు. "సరేలే. నీ ఇష్టం."

"నా ఇష్టమే."

కొత్తమ్మాయి చేతిలో మిగిలిన డబ్బాను నేల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు గదిలోకి ఒక్కసారే వెళ్ళింది. డబ్బాలక్క అది చూసింది. రేపటి ఫొటో కోసం పాలు దాచుకుంటోంది కాబోలు, అని పక్కామెతో అంది.

శుక్రవారం పది గంటలకు మేడం వచ్చింది. వెంట ఇద్దరు ఆఫీసువాళ్ళు, ఒక ఫొటోగ్రాఫరు. గోడకు గుడ్డ కట్టారు: తల్లిపాలు, చెత్త మిగలని భోజనం. గుట్టకు ఒక పక్క కుర్చీ. దాన్ని పాలగది నుంచే తెచ్చారు. కొత్తమ్మాయి ఉతికిన కోటు వేసుకుని బిడ్డతో కూర్చుంది. బిడ్డ నిద్రపోతోంది.

మేడం గట్టిగా కాకుండా, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడింది. ఒక డబ్బా చేతిలోకి తీసుకుంది.

"ఇందులోకి పాలు రావాలంటే ఆవు కావాలి. ఆవుకి మేత కావాలి, మేతకి నీళ్ళు కావాలి. పాలని పొడి చెయ్యడానికి పొయ్యిలు మండాలి. పొడికి డబ్బా, డబ్బాకి లారీ. ఇంటికొచ్చాక మళ్ళీ నీళ్ళు మరగాలి, సీసా మరగాలి. అన్నీ అయ్యాక ఈ డబ్బా ఎక్కడికొస్తుంది? మీ చేతికే. ఈ చెంచా అయితే మీ చేతి నుంచి కూడా ఎక్కడికీ పోదు. తల్లిపాలకి ఇవేవీ అక్కర్లేదు."

"అరగంట అయితే కావాలి," అంది పెద్దమ్మ గొంతు తగ్గించి. చుట్టుపక్కల వాళ్ళు నవ్వు ఆపుకున్నారు. మేడంకి వినపడలేదు.

"డబ్బాపాలు పట్టే తల్లి ఎవరైనా ఉంటే రెండోపక్క నిలబడితే బావుంటుంది," అంది మేడం. "తప్పు పట్టడానికి కాదు. అవగాహన కోసం."

"ఉందండీ," అన్నాడు మేస్త్రి. "మా డబ్బాలక్క."

ఆమె వెళ్ళి నిలబడింది. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి, కాస్త పక్కకి జరగమ్మా, డబ్బాలు కనపడటం లేదు, అన్నాడు. జరిగింది. ఇంకొంచెం, అన్నాడు. జరిగింది. చేతిలో ఒక డబ్బా పట్టుకోమన్నాడు.

"ఉండండి, తెస్తా."

ఆమె కొక్కెం దగ్గరికి వెళ్ళి భోజనం సంచి తీసింది. లేబుల్ లేని డబ్బాతో తిరిగి వచ్చింది. నడుస్తుంటే లోపల చెంచా గలగలమంది. తన చోటికి పోకుండా తిన్నగా వెళ్ళి దాన్ని కుర్చీ ముందు, కొత్తమ్మాయి పాదాల దగ్గర పెట్టింది.

"ఇది ఈ గుట్టలోది కాదు మేడం. ఇది అటుపక్కది. మీ బండి ఆ వీధి నుంచి తెచ్చింది."

షెడ్డులో ఆడవాళ్ళు డబ్బా వైపు చూశారు. గోకిన జిగురు చూశారు, గుండ్రంగా కోసిన అంచు చూశారు. కొత్తమ్మాయి కోటు అంచు లాగి బిడ్డ మొహం మీద కప్పింది.

మేడం వంగి చూసింది. "దీనికి బొమ్మ లేదే. రంగులున్నది పట్టుకోమ్మా, ఫొటోలో బాగా పడుతుంది."

ఫొటోగ్రాఫరు ఆ డబ్బాను కాలితో పక్కకి జరిపాడు. ఇంకెవరో డబ్బాలక్క చేతిలో రంగుల డబ్బా పెట్టారు. ఫొటో తీశారు. మేడం ఇద్దరు తల్లులకూ థాంక్స్ చెప్పింది. డబ్బాలు పారెయ్యొద్దని, వేరే షెడ్డుల్లో కూడా చూపించాలని మేస్త్రికి చెప్పి కారెక్కింది.

కారు గేటు దాటాక మేస్త్రి కింద పడి ఉన్న డబ్బా తీసుకున్నాడు. మూత చూశాడు, చెంచా చూశాడు. అతనూ ఈ షెడ్డులోనే ముసలివాడయ్యాడు. కొత్తమ్మాయి ముందు చెయ్యి చాపాడు. ఆమె మెడలోంచి దారం తీసి ఇచ్చింది.

"మేస్త్రీ," అంది డబ్బాలక్క. "ఆమెకి ఇచ్చినట్టే నాకూ..."

"ఏంటి ఇచ్చేది? ఇద్దరూ డబ్బావాళ్ళే అయితే ఇక గది ఎవరికి? సంచులకి చోటు లేక నేను చస్తున్నా." గుట్టలోని డబ్బాలన్నీ గదిలోకి చేర్పించాడు. కుర్చీని మళ్ళీ లోపల వేసి దాని మీద కొన్ని పెట్టారు. మిగిలిన ఖాళీలో గోనెసంచులు పైకప్పు దాకా వేశారు. తాళం వేసి తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. తలుపు మీద కాగితం అలాగే ఉంది.

సాయంత్రం కుళాయి దగ్గర ఇద్దరే మిగిలారు. కొత్తమ్మాయి చేతులకి సబ్బు రాసుకుంటోంది. తల ఎత్తలేదు.

"డబ్బా కడిగి వేశానక్కా. కాలవలో పడేసి ఉంటే నీకు దొరికేది కాదు."

డబ్బాలక్క నీళ్ళు పట్టుకోకుండా నిలబడింది.

"నాకు పాలు సరిపోవడం లేదు. పది రోజులైంది, గది ఇవ్వకముందు నుంచే. ఎవరికి చెప్పను? గది పోతుందని భయం. అరగంట అని ఊరంతా వినేలా చెప్పాడు గాని, పట్టుమని పది నిమిషాలు కూర్చోనిచ్చాడా? తలుపు కొట్టేవాడు. కాగితం పేరుకుపోతోంది, రా అని. సరిగ్గా పాలు చేపుకొచ్చే వేళకి కొట్టేవాడు. బిడ్డ నోట్లోంచి లాక్కుని లేచేదాన్ని. బిడ్డ తాగాల్సినవి కోటు తాగేది."

"గుడ్డ పెట్టినా ఆగడం లేదని నువ్వే నవ్వావు."

"నవ్వక ఏడవమంటావా, అంతమందిలో?"

ఆమె చేతులు విదిలించుకుని వెళ్ళిపోయింది. కుళాయి కారుతూనే ఉంది. డబ్బాలక్క చాలాసేపటికి దాన్ని కట్టేసింది.

ఆ రాత్రి అత్తకు రేపు రావద్దని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతుంది. చెప్పలేదు.

శనివారం పదిన్నరకు గేటు దగ్గర ఇద్దరు ముసలమ్మలు నిలబడి ఉన్నారు. ఒకరి చంకలో కొత్తమ్మాయి బిడ్డ, ఒకరి చంకలో డబ్బాలక్క బిడ్డ. కొత్తమ్మాయి కూడా తల్లికి ఏమీ చెప్పలేదు. ఇద్దరు ముసలమ్మలూ అప్పటికే మాటల్లో పడ్డారు. ఎవరి మనవరాలు ఎక్కువ ఏడుస్తుందో చెప్పుకుంటున్నారు.

డబ్బాలక్క గ్లౌజులు తీసి బెల్టు అంచున పెట్టింది. గేటు దగ్గరికి వెళ్ళి బిడ్డను తీసుకుంది. గది తలుపు ముందు నుంచే నడిచి షెడ్డు వెనక వరసకి వెళ్ళింది. అక్కడ కట్టలు కట్టిన కాగితం ఉంది. ఒక కట్ట మీద కూర్చుని కోటు గుండీలు విప్పింది. అత్త వెనకాలే వచ్చి అటూ ఇటూ చూసి, గది ఏదని అడగబోయి, కోడలి మొహం చూసి సీసాను కొంగు కింద పెట్టుకుంది.

బెల్టు దగ్గర కొత్తమ్మాయి నిలబడి ఉంది. గేటువైపు చూసింది, కాగితపు కట్టలవైపు చూసింది. ఆమె బిడ్డ గేటు దగ్గర ఏడుపు అందుకుంది. ఆమె గ్లౌజులు తీసింది.

బిడ్డను ఎత్తుకుని వచ్చి కట్ట ముందు నిలబడింది.

"జరుగు," అంది. అక్కా అనలేదు.

డబ్బాలక్క జరిగింది. ఇద్దరూ వీపులు ఆనించుకుని కూర్చున్నారు. కట్ట అంతే వెడల్పు ఉంది. కొత్తమ్మాయి బిడ్డ పట్టగానే తాగడం మొదలుపెట్టింది. గుటకల చప్పుడు డబ్బాలక్కకు వినపడింది. కడుపులో భగ్గుమంది. సోమవారం ఎంత మండిందో అంతే మండింది. తన బిడ్డ లాగింది, ఆగింది, తల తిప్పి సీసా కోసం చూసింది. ఆమె బిడ్డ తలను అరచేత్తో మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. బిడ్డ మళ్ళీ పట్టింది.

మేస్త్రి వచ్చాడు. కాస్త దూరంలో ఆగి, మొహం పక్కకి తిప్పుకుని మాట్లాడాడు.

"ఏంటిది? రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి అక్కడ. బెల్టు నడుస్తోంది."

"నడవనీ," అంది డబ్బాలక్క.

"పది నిమిషాలైంది."

"ఇక్కడ తలుపు లేదు మేస్త్రీ. దేన్ని కొడతావు?"

వీపు వెనక కొత్తమ్మాయి ఒళ్ళు కదిలింది. నవ్విందో, బిడ్డను రెండోవైపు మార్చుకుందో, డబ్బాలక్క తిరిగి చూడలేదు.

మేస్త్రి బెల్టు దగ్గరికి వెళ్ళి ఆ రెండు చోట్లా నిలబడమని పెద్దమ్మకు చెప్పాడు. పెద్దమ్మ తన ముందున్న సీసాను తీసి తొట్టిలో పెట్టింది. "నాది సీసాల పని నాయనా," అంది. పక్కామె తనది ప్లాస్టిక్ అంది. మేస్త్రి ఒక సంచి తనే విప్పబోయాడు. ముడి రాలేదు. ఇంకో సంచి అతన్ని దాటిపోయింది.

పదకొండు దాటింది. ఇద్దరూ లేవలేదు. బెల్టు నడుస్తూనే ఉంది. కట్టిన సంచులు కట్టినట్టే దాని చివరిదాకా వెళ్ళి, ఒకదాని మీద ఒకటి గుంటలో పడ్డాయి.